పానా దాచిన ఆరు నిమిషాలు

పానా అసలు పేరు బ్యాంకు పుస్తకంలో ఉంది. ఆ పేరుతో పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూడడు. ముప్పై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల వీధుల్లో ఎవరింట్లో కుళాయి కారినా, ఎవరి మేడ మీద ట్యాంకు పొంగినా "ముందు పానాకి ఫోన్ చెయ్యండి" అనే మాటే వినిపించేది. మూరెడు పొడవున్న పైపు పానా ఎప్పుడూ అతని కుడిచేతిలో ఉండేది. దాంతో ఒక్క తిప్పు తిప్పితే ఎంత తుప్పు పట్టిన బిగింపైనా మూలుగుతూ ఊడి రావాల్సిందే. ఇల్లు కట్టినా, కూతుర్ని చదివించి ఉద్యోగంలో పెట్టినా, అంతా ఆ కుడిచేతి చలవే.

అతనికున్న జబ్బల్లా ఒక్కటే, కుదురు లేకపోవడం. అన్నం సగం కూర్చుని తింటాడు, మిగతా సగం కంచం చేత్తో పట్టుకుని వరండాలో తిరుగుతూ తింటాడు. పెళ్లి ఫోటోలో కూడా పెళ్లికూతురు స్పష్టంగా పడింది కానీ పెళ్లికొడుకు మసక మసగ్గా పడ్డాడు. "కాలుగాలిన పిల్లిని కట్టుకున్నాను" అని అతని భార్య ఆ ఫోటో చూపించి మరీ నవ్వేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. లీకుని దాచిపెట్టేవాళ్లంటే అతనికి ఒళ్లు మంట. గోడ చెమ్మగిల్లితే దానిమీద ఓ క్యాలెండరు తగిలించి, ఏడాది తర్వాత పెచ్చులూడి సిమెంటు రాలాక ఫోన్ చేసేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. వాళ్ల ఇంటికెళ్లి పని మొదలుపెట్టే ముందు ఓ పావుగంట తిట్టేవాడు. "చెమ్మ కనపడిన రోజే పిలవాలి కదండీ! క్యాలెండరు తగిలిస్తే గోడ ఆరుతుందా? ఆ రోజే పిలిస్తే పది నిమిషాల పని. ఇప్పుడు గోడ పగలగొట్టాలి" అనేవాడు. వాళ్లు తల వంచుకుని వినేవాళ్లు. వచ్చే ఏడాది ఇంకో గోడకి ఇంకో క్యాలెండరు తగిలించేవాళ్లు.

యాభై ఎనిమిదో ఏట మెడ పక్కన చిన్న గడ్డ తేలింది. అతను దాన్ని రెండు నెలలు చొక్కా కాలరు కింద దాచాడు. ఈ సంగతి భార్యకి తెలిసిన రోజున ఆమె కాలరు పట్టుకుని లాగి, "క్యాలెండరు తగిలించారా?" అని అడిగింది.

గ్రంథుల్లో మొదలయ్యే క్యాన్సరు అని డాక్టరు తేల్చాడు. చాలామందికి నయమవుతుందని ధైర్యం చెప్పాడు. నరంలోకి ఎక్కించే మందులు మూడు వారాలకోసారి చొప్పున ఆరుసార్లు ఇవ్వాలన్నాడు. ముందు గుండె పరీక్ష చేయించాడు. ఎందుకంటే ఆ మందుల్లో ఒకటి గుండె మీద భారం వేస్తుందట, జీవితం మొత్తంలో ఇంత మోతాదు దాటకూడదని దానికో లెక్క ఉందట. "ఛాతీ దగ్గర చర్మం కింద ఓ చిన్న డబ్బీ అమరుస్తాం. దాన్ని పోర్ట్ అంటారు. మందు అందులోంచి నేరుగా పెద్ద రక్తనాళంలోకి వెళుతుంది. చేతులకి ఇబ్బంది ఉండదు" అని కూడా చెప్పాడు.

పానా రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "నాకు పర్మినెంటు కనెక్షన్ వద్దు డాక్టరుగారూ. ఆరుసార్లే కదా, చేతికే కానివ్వండి."

మందులెక్కించే గది మూడో అంతస్తులో ఉంది. ఎనిమిది కుర్చీలు, ప్రతి కుర్చీ పక్కనా ఒక స్టాండు, గోడకి గడియారం, దాని కింద మూలన చేతులు కడుక్కునే బేసిను. ఆ గదికి పెద్ద దిక్కు ఓ సిస్టర్. పొట్టి మనిషి, మాట జోరు. మగవాళ్లంతా ఆమెకి బాబాయిలు, ఆడవాళ్లంతా పిన్నులు. మొదటిరోజు స్టూలు లాక్కుని పానా ఎదురుగా కూర్చుంది.

"బాబాయ్, ఇటు చూసి వినండి. గడియారం వైపు కాదు. ఈ ఎర్ర మందుందే, నరంలో పోతున్నంతసేపూ మన పని చేసిపెడుతుంది. నరం దాటి కండలోకి కారిందా, అక్కడ కాల్చేస్తుంది. కాబట్టి మండినా, చురుక్కుమన్నా, వాచినట్టున్నా, బిగదీసినట్టున్నా నన్ను పిలవండి. ఓర్చుకోవద్దు. ఇక్కడ ఓర్చుకున్నవాళ్లకి బహుమతులివ్వం."

"అలాగేనమ్మా."

"ఇది ఎక్కే ఇరవై నిమిషాలూ లేవకూడదు, ఆ చెయ్యి కదపకూడదు. బాత్రూమ్‌కి ముందే వెళ్లొచ్చెయ్యండి. ఇంకోటి. రెండ్రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది రక్తం కాదు, మందు రంగు. ఇంట్లోవాళ్లకి చెప్పండి. ఆ రెండ్రోజులూ మూతేసి రెండుసార్లు ఫ్లష్ చెయ్యండి."

"రెండుసార్లా? ఒక్కసారికే బకెట్టు నీళ్లు పోతాయి!" అన్నాడు పానా, అక్కడికేదో తన ట్యాంకులో నీళ్లు పోతున్నట్టు.

ఇంటికెళ్లాక అలవాటు ప్రకారం ఒక్కసారే, అదీ సగం మీట నొక్కాడు. భార్యకి చెప్పడమూ మరిచిపోయాడు. తర్వాత బాత్రూమ్‌లోకి వెళ్లిన ఆమె పెట్టిన కేకకి పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు, పై అంతస్తువాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఒకాయన అప్పటికే ఆటో పిలిచేశాడు. పానా గుమ్మంలో నిలబడి "రంగే, ఉత్త రంగే" అని అందరికీ వివరించేసరికి చెమటలు పట్టాయి. ఆ రోజు నుంచి సిస్టర్ చెప్పే మాటలు వినడానికి భార్య కూడా వెంట రావడం మొదలుపెట్టింది. అలా వచ్చింది కాబట్టే రెండో విడత తర్వాత పదో రోజున ఒళ్లు వెచ్చబడితే, మాత్ర మింగి పనికి పోబోతున్నవాణ్ణి ఆపి ఆసుపత్రికి లాక్కెళ్లింది. తెల్లకణాలు అడుగంటాయనీ, ఇంకో పూట ఆలస్యమైతే ప్రాణం మీదికొచ్చేదనీ అక్కడ చెప్పారు.

జుట్టు పోయింది, నోరు పూసింది, అన్నం సహించలేదు. అన్నిటికీ ఓర్చుకున్నాడు కానీ, ఆ గదిలో ఒక్కదానికి మాత్రం ఓర్చుకోలేకపోయాడు. మూలనున్న బేసిను కుళాయి కారుతోంది.

టప్. మూడు సెకన్లు. టప్.

వచ్చిన మొదటిరోజే పట్టేశాడు. వాషరు అరిగింది, పైగా మీద బిగింపు వదులైంది. సిస్టర్‌కి చెప్పాడు. "రాసి పంపాను బాబాయ్, వస్తారు" అంది. రెండో విడతకీ అది కారుతూనే ఉంది. పక్కవాళ్లు కునుకు తీస్తారు, ఫోన్లు చూసుకుంటారు. ఇతను మాత్రం ఆ చుక్కలు లెక్కపెడుతూ కూర్చుంటాడు. పైన సీసాలోంచి ఒక చుక్క, మూలన కుళాయిలోంచి ఒక చుక్క. పై చుక్క తన చేతిలో లేదు. ఆ రెండోది పడినప్పుడల్లా అతని కుడిచెయ్యి దురద పెట్టేది.

మూడో విడతకి ఎడమచేతి నరాలు గట్టిపడ్డాయి. సిస్టర్ రెండుసార్లు ప్రయత్నించి తల అడ్డంగా ఊపింది. "ఈసారికి కుడిచెయ్యి ఇవ్వండి బాబాయ్. మణికట్టుకి పైన పెడతాను. పనిచేసే చెయ్యి కదా, ఇంకా జాగ్రత్తగా ఉండాలి." నరం దొరికింది, సెలైను ధారగా వెళ్లింది. అంతా సరిగ్గా ఉందని చూసుకున్నాకే ఎర్ర మందు పెట్టింది. పక్కనే స్టూలు మీద కూర్చుంది.

సగం మందు ఎక్కేసరికి అవతలి వరసలోని ఒక ముసలాయన బాత్రూమ్ గుమ్మంలో కళ్లు తిరిగి పడిపోయాడు. సిస్టర్ లేచింది. "బాబాయ్, కదలొద్దు. రెండు నిమిషాల్లో వస్తా" అని పరిగెత్తింది. పానా భార్య కింద మందుల షాపుకి వెళ్లి ఉంది.

టప్.

బేసిను నాలుగడుగుల దూరంలో ఉంది. స్టాండుకి చక్రాలున్నాయి.

కదలొద్దన్నారనే సంగతి అతనికి గుర్తులేక కాదు. బాగా గుర్తుంది. కానీ ముప్పై ఏళ్లలో కారుతున్న కుళాయి పక్కన ఊరికే కూర్చున్నది ఈ మూడు విడతల్లోనే. ఒక్క బిగింపు, అంతేగా అనుకున్నాడు. లేచాడు. ఎడమచేత్తో స్టాండు తోసుకుంటూ వెళ్లాడు, కుడిచేత్తో కుళాయి పట్టుకున్నాడు, అలవాటు చొప్పున మణికట్టు విసిరి ఒక్క తిప్పు తిప్పాడు. చుక్క ఆగింది. వెనక్కొచ్చి కూర్చుని, ఎవరూ చూడలేదని నిర్ధారించుకుని తృప్తిగా నిట్టూర్చాడు. గడియారంలో పదకొండూ పది.

అప్పుడు మొదలైంది మంట. ముందు నిప్పురవ్వ పడినట్టు చురుక్కుమంది. తర్వాత లోపలెవరో కారం రుద్దుతున్నట్టుగా సూది చుట్టూ పాకింది. ఏమైందో అతనికి తెలుసు. తిప్పినప్పుడు లోపల సూది జారింది. లీకు.

పిలవాలి. పిలిస్తే ఎందుకు లేచారని అడుగుతుంది. కుళాయి బిగించడానికని చెప్పాలి. ఎనిమిది కుర్చీల వాళ్లూ వింటారు. మందు ఆపేస్తారు, ఇంటికి పంపేస్తారు, మళ్లీ ఎన్నిరోజులకో. అవతల నాలుగంతస్తుల మేడకి పైపులు వేసే పని అతనికోసం ఆగి ఉంది. ఇంకో పది నిమిషాలు పళ్లబిగువున ఓర్చుకుంటే ఈ సీసా అయిపోతుంది. ఎవరికీ తెలియదు. ఒళ్లో ఉన్న తువ్వాలు తీసి కుడిచేతిమీద కప్పుకున్నాడు.

పదకొండూ పదమూడుకి సిస్టర్ రొప్పుతూ వచ్చింది. "ఎలా ఉంది బాబాయ్? మంటేం లేదుగా?"

"భేషుగ్గా ఉందమ్మా" అని నవ్వాడు పానా.

"తువ్వాలేంటి?"

"చలిగా ఉంది."

ఇంకో రోజైతే ఆమె ఆ తువ్వాలు తీసి చూసేదే. అవతల ముసలాయన మూలుగుతున్నాడు. మళ్లీ అటు వెళ్లింది. పానా గడియారం చూశాడు. పద్నాలుగు. కాళ్లు ఒకటే ఊపుతున్నాడు. పదిహేను. మంట మోచేతి వైపు ఎగబాకుతోంది. ముసలాయన మూలుగు సద్దుమణిగింది. గదిలో ఎక్కడా చప్పుడు లేదు, కుళాయి కూడా కారడం లేదు. ఇన్నాళ్లూ కోరుకున్న ఆ నిశ్శబ్దం అతనికిప్పుడు ఊపిరాడకుండా చేసింది. తువ్వాలు అంచు ఎత్తి చూశాడు. చర్మం ఉబ్బి, ఎర్రబడి, నిగనిగలాడుతోంది. అచ్చం చెమ్మ పట్టిన గోడ. దానిమీద కప్పిన తువ్వాలు చూశాడు. క్యాలెండరు.

"సిస్టర్!" అని అరిచాడు. పదకొండూ పదహారు.

ఆమె వచ్చీ రాగానే మందు ఆపింది. సూది పీకలేదు. దాన్ని అలాగే ఉంచి, ఖాళీ సిరంజి తగిలించి, లోపలికి కారిన మందు రాగలిగినంత వెనక్కి లాగింది. తర్వాతే సూది తీసింది. ఎర్రబడిన మేర చుట్టూ నీలం పెన్నుతో గీత గీసింది. అరచేయంత అయింది ఆ గీత. దానిమీద ఐసు మూట పెట్టి, చెయ్యి ఎత్తి పట్టుకోమంది. డాక్టరొచ్చాడు. విరుగుడు మందు ఉందని, మూడు రోజులు వరసగా ఎడమచేతికే ఎలాగోలా నరం వెతికి ఎక్కించాలని చెప్పాడు.

"ఎంతసేపైంది మొదలై?" అని అడిగాడు.

"ఆరు నిమిషాలు" అన్నాడు పానా, గడియారం చూడకుండానే.

"మరి నేనడిగితే బాగుందన్నారే?" అంది సిస్టర్. అతను కుళాయి వైపు చూపించాడు. ఆమెకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక తిట్టలేదు. "నేనూ మందు ఆపి వెళ్లాల్సింది, తువ్వాలు తీసి చూడాల్సింది" అంది మెల్లగా. ఆ మాట అతన్ని తిట్టుకంటే ఎక్కువ బాధపెట్టింది.

భార్య మాత్రం తిట్టింది. "నోరు లేదా మీకు? ఊళ్లో అందరి మీదా లేస్తుందే ఆ నోరు, మీ చేతికోసం లేవదా?" అంటూ తిట్టినంతసేపూ ఐసు మూట పట్టుకునే ఉంది, ఏడుస్తూనే ఉంది.

ఆ తర్వాత రోజులు పానాకి నరకం. చెయ్యి రెండు దిళ్ల మీద ఎత్తి పెట్టుకుని కూర్చోవాలి. కూర్చోలేడు. ఎత్తిన చేత్తోనే గది ఈ మూల నుంచి ఆ మూలకి తిరిగేవాడు. గీత దాటిందా లేదా అని గంటకోసారి చూసుకునేవాడు. గీత దాటలేదు కానీ, లోపల చర్మం పొక్కింది, నల్లబడింది, రెండో వారానికి పుండైంది. విరుగుడు పడకపోతే చెయ్యి మొత్తం పాడయ్యేదన్నాడు డాక్టరు. మానుతుంది కానీ కింద స్నాయువులు బిగుసుకున్నాయి, వ్యాయామం చెయ్యాలి, పాత పట్టు పూర్తిగా వస్తుందని మాటివ్వలేనన్నాడు.

ప్రతిరోజూ పొద్దున్నే పైపు పానా దగ్గరికి వెళ్లేవాడు. నాలుగు వేళ్లు చుట్టూ వేసేవాడు. బొటనవేలు వచ్చి కలిసేది కాదు. అది జారి నేలమీద పడేది. ఆ చప్పుడు వినపడినప్పుడల్లా వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయేది. కాసేపటికి మళ్లీ మొదలయ్యేది.

ఓ రోజు పక్కింటి కుళాయి కోసం భార్యే పైపు పానా పట్టింది. అతను పక్కన నిలబడి, "ఎడమకి! నీ ఎడమ కాదే, పైపుకి ఎడమ!" అని గొంతు చించుకున్నాడు.

"పైపుకి ఎడమా కుడీ ఉంటాయని నాకేం తెలుసు? ఇన్నేళ్లలో ఒక్కసారైనా పరిచయం చేశారా?" అందామె ముఖం మీద నీళ్లు తుడుచుకుంటూ. పక్కింటివాళ్లు నవ్వారు. అతనూ నవ్వి, ఇంటికొచ్చి పైపు పానాని ఎడమచేత్తో తుడిచి దాని చోట పెట్టాడు.

నాలుగో విడత రెండు వారాలు వెనక్కి జరిగింది. ఈసారి పర్మినెంటు కనెక్షన్‌కి కిక్కురుమనకుండా ఒప్పుకున్నాడు. ఛాతీ దగ్గర పోర్ట్ పెట్టించుకుని, కుడిచేతికి కట్టుతో వచ్చి పాత కుర్చీలోనే కూర్చున్నాడు. మూలన కుళాయి మళ్లీ కారుతోంది. అటు చూడకుండా ఉండడానికి పక్క కుర్చీ వైపు తిరిగాడు.

అక్కడ కొత్త మనిషి. నలభై దాటి ఉంటాయి. బట్టలు కుట్టే ఆవిడ. చూపుడువేలి చివర సూది పోట్లతో గట్టిపడి ఉంది. మెత్తటి మనిషి. సిస్టర్ సూది గుచ్చితే కూడా "మీకు శ్రమ" అంటోంది. ఎడమచేతి నరాలు దొరకలేదని ఆమెకీ కుడిచేతికే పెట్టారు. ఇప్పుడు సిస్టర్ ఎర్ర మందు మొదలైతే కదలడం లేదు. స్టూలు మీద కూర్చుని, తన చేతిలోని సిరంజితోనే కొంచెం కొంచెంగా ఎక్కిస్తోంది. మధ్యమధ్య ఆగి అడుగుతోంది.

"మంటగా ఉందా పిన్నీ?"

"అబ్బే, లేదమ్మా."

"నిజంగా?"

"నాకేం ఇబ్బంది లేదమ్మా, నువ్వు కానివ్వు" అని ఆవిడ నవ్వింది. నవ్వుతూనే ఒళ్లో ఉన్న దుప్పటి అంచు మెల్లగా పైకి, చేతిమీదకి లాక్కుంది. సిస్టర్ సిరంజి మీది గీతలు చూసుకుంటోంది.

పానా మాత్రం ఆ దుప్పటిని చూశాడు. ఆ నవ్వుని చూశాడు. ఆవిడ కాలివేళ్లు చెప్పులో ముడుచుకుపోవడం చూశాడు.

"అబద్ధం సిస్టర్! ఆపండి! ఆవిడకి మండుతోంది! దుప్పటి తియ్యండి!"

గది మొత్తం ఉలిక్కిపడింది. సిస్టర్ చెయ్యి ఠక్కున ఆగింది. దుప్పటి తీసింది. సూది పక్కన చిన్న ఎరుపు, కొంచెం ఉబ్బు.

"ఎప్పటినుంచి పిన్నీ?"

"ఇప్పుడే... ఇప్పుడే చిటికెడు చురుక్కుమంది. అంతదానికి నిన్ను కంగారుపెట్టడం ఎందుకని..." ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏమైందమ్మా? నా చెయ్యి పోతుందా? నాకు ఈ చెయ్యే ఆధారం."

సిస్టర్ ఖాళీ సిరంజితో వెనక్కి లాగింది, సూది తీసింది, జేబులోంచి నీలం పెన్ను తీసి ఎరుపు చుట్టూ గీత గీసింది. పానా భార్య ఎవరూ చెప్పకుండానే ఐసు మూటకోసం పరిగెత్తింది. డాక్టరొచ్చి చూశాడు. "తొందరగానే పట్టారు. దీనికీ విరుగుడు ఇస్తాం, నాలుగు రోజులు కనిపెట్టి చూద్దాం. చేతికేం భయం లేదనే అనుకుంటున్నాను" అన్నాడు.

అప్పుడు సిస్టర్ వెనక్కి తిరిగి, "బాబాయ్, మీరు లేవలేదు కదా?" అని అడిగింది, అనుమానంగా.

పానా లేవలేదు. కుర్చీ చేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని ఉన్నాడు. మెడ మాత్రం చాచి, పక్కావిడ చేతిమీది నీలం గీతనే చూస్తున్నాడు. అది చొక్కా గుండీ అంత ఉంది. ఆ కాస్త చోటునీ చూసి, కట్టు కట్టిన తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, పెళ్లాం ముందూ ఎనిమిది కుర్చీల ముందూ సిగ్గుపడకుండా ఏడ్చాడు.